మాట పోయిన మనిషి మనసులో ఏముందో కనుక్కోవడం ఎలా

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషి ఇంట్లో ఉంటే, అన్నిటికంటే ముందు మానుకోవాల్సిన అలవాటు ఒకటుంది. ఆయన మంచం పక్కనే నిలబడి ఆయన గురించి వేరేవాళ్లతో చెప్పుకోవడం. "పాపం, ఏమీ తెలియట్లేదంట", "మనుషుల్ని గుర్తుపడతన్నాడా అమ్మాయ్?", "పొలం కాయితాలు ఎక్కడ పెట్టాడో ఏందో, ఇంక చెప్పేదెట్టా?" మా నాన్నను చూడటానికి వచ్చిన చుట్టాలంతా వరసపెట్టి ఇవే మాటలు అనిపోయారు. అంటున్నంతసేపూ ఆయన ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి విసుగొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏమీ తెలియని మనిషికి విసుగెందుకు వస్తుంది?

నేను ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాన్నది కొండపి దగ్గర పల్లె, వర్జీనియా పొగాకు రైతు. కొన్నేళ్ల కిందట ఒక తెల్లవారుజామున కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒక్కసారే పోయాయి. కాలు చాలావరకు వచ్చింది. మాట మాత్రం "అదే... అదే" దగ్గర ఆగిపోయింది. ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. దీన్ని డాక్టర్లు అఫేసియా అంటారు. మాట పోవడం వేరు, ఆలోచన పోవడం వేరు. లోపల ఉన్న ఆలోచనను మాటల సాయం లేకుండా బయటికి తెచ్చుకునే పద్ధతులు కొన్ని మాకు బాగా పనికొచ్చాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఏది పోయిందో తేల్చుకోండి

మాట ఉన్నట్టుండి తడబడినా, మూతి ఒక పక్కకు లాగినా తెల్లారేదాకా చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపు పడాలి. తెల్లవారుజామున లేచేసరికే అలా ఉంటే, రాత్రి ఎన్నింటికి బాగున్నాడో ఆ టైమ్ గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

చాలామందిలో భాషను నడిపే భాగాలు మెదడుకు ఎడమవైపు ఉంటాయి. అందుకే కుడి చెయ్యి పడిపోయినవాళ్లకు మాట కూడా పోవడం ఎక్కువగా చూస్తాం. అయితే మాట రాని ప్రతివాళ్లదీ అఫేసియా కాదు. కొందరికి నాలుక, పెదవుల కండరాలు బలహీనపడి మాట ముద్దగా వస్తుంది. వాళ్లకు పలకా బలపం ఇస్తే చెప్పదలుచుకున్నది రాసి చూపిస్తారు. అఫేసియా ఉన్నవాళ్లకు అలా కుదరదు. మాటతో పాటు రాత, చదువు కూడా ఎంతో కొంత దెబ్బతింటాయి. "ఎడం చేత్తో రాయడం నేర్పించండి, సరిపోద్ది" అని మాకు సలహా చెప్పినవాళ్లు చాలామంది. చేతిలో ఉన్న లోపం కాదది. ఇక చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరిచి మాట్లాడేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మా వీధిలో సగంమంది అంతే.

అఫేసియా అందరిలోనూ ఒకేలా ఉండదు. మా నాన్నలాంటివాళ్లకు ఎదుటివాళ్లు చెప్పింది చాలావరకు అర్థమవుతుంది, బయటికి మాత్రం మాట రాదు. 1861లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే వైద్యుడు చూసిన లెబోర్న్ అనే రోగి ఇలాంటివాడే. ఏమడిగినా "టాన్ టాన్" అనేవాడు. ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నావని బ్రోకా అడిగితే, చేతిని నాలుగుసార్లు విప్పి చూపించి, తర్వాత ఒక వేలు ఎత్తాడు. అంటే ఇరవై ఒకటి. రికార్డు చూస్తే లెక్క సరిగ్గా సరిపోయింది. ఇది చదివాక నాకు నాన్న గురించి సగం బెంగ తీరింది.

రెండో రకాన్ని 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. వీళ్లు గడగడా మాట్లాడతారు, కానీ అందులో అర్థం ఉండదు. మనం చెప్పింది కూడా సరిగా అందదు. తాము తప్పు మాట్లాడుతున్నామని చాలాసార్లు వాళ్లకే తెలియదు. అందుకని ఊళ్లో వీళ్లకు పిచ్చి పట్టిందనేస్తారు. ఇవి రెండూ కలిసిన పెద్ద రకం కూడా ఉంది. మీ ఇంట్లోవాళ్లది ఏ రకమో స్పీచ్ థెరపిస్టు చేత పరీక్ష చేయించి తెలుసుకోండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ఫోన్‌లో వీడియో ద్వారా చూసేవాళ్లున్నారు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దేశంలో ఈ పనికి పేరున్న చోటు. నాలుక కింద నరం కోయించమనేవాళ్ల దగ్గరికి, నాలుకకు పసరు రాసేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. దెబ్బ తగిలింది మెదడుకు.

మాటలు అక్కర్లేని పరీక్షలు

"నేనెవరో చెప్పు? ఇదేందో చెప్పు?" అని పెన్ను, గడియారం చూపించి అడగడం పరీక్ష కాదు. పోయినదాన్నే చూపించమని అడుగుతున్నాం, లేదనిపించుకుని ఇద్దరం ఏడుస్తున్నాం. ఆయనకు మాటల్లేకుండా చేతనైన పని ఇచ్చి చూడండి.

మా ఇంట్లో అది పొగాకు గ్రేడింగ్. క్యూరింగ్ అయిన (వేడి గదిలో ఆరబెట్టిన) ఆకును వసారాలో పోసి కూలీలు రకాలుగా వేరుచేస్తున్నారు. నాన్నను కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టాం, కాలక్షేపానికని. కాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో ఒక ఆకు తీసుకుని, ఈనె దగ్గర బొటనవేలితో నొక్కి, వెలుతురుకు ఎత్తి పట్టి, అంచు కొంచెం నలిపి చూశాడు. దాన్ని నిమ్మపండు రంగు కుప్పలోంచి తీసి పక్క కుప్పలో వేశాడు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. మడత విప్పితే ఆకు అడుగున పచ్చజీర ఉంది. ఆ కుప్పను అలాగే బేలు కట్టి వేలానికి తీసుకుపోతే కొనేవాడు ఆ పచ్చను చూసి మొత్తం బేలుకు రేటు తగ్గించేస్తాడు. రంగు, మందం, తడి, మచ్చ, వేలంలో వచ్చే ధర అన్నీ కలిపి ఆలోచిస్తేనే కుదిరే పని అది. అందులో ఒక్కదానికీ ఆయన దగ్గర మాట లేదు. "అదే" అన్నాడు, అంతే. కూలీల్లో పెద్దావిడ మాత్రం, "పెద్దాయన చెప్పింది నిజమే, మళ్లా చూడండే" అని కుప్పంతా తిరగేయించింది.

మీ ఇంట్లో పెద్దాయన వడ్రంగి కావచ్చు, కావలిలో బట్టల కొట్టు నడిపినాయన కావచ్చు, జీవితమంతా వంటింట్లోనే గడిపిన పెద్దామె కావచ్చు. వాళ్ల చేతికి తెలిసిన పని ముందు పెట్టండి. తాలింపు గింజల డబ్బా కలగాపులగం చేసి పెడితే ఆమె ఏం చేస్తుందో చూడండి. పేకముక్కలు, పులీ మేక ఆట కూడా పనికొస్తాయి. మాట పూర్తిగా పోయినా చదరంగం చక్కగా ఆడేవాళ్లున్నారు. షెబాలిన్ అనే రష్యా సంగీతకారుడు 1950లలో రెండుసార్లు పక్షవాతం వచ్చి భాష దెబ్బతిన్నాక కూడా సింఫనీ రాశాడు.

లెక్కల టీచర్ని కాబట్టి నేను ఆగలేక లెక్కలు కూడా ఇచ్చాను. ఒక కిటుకు చెబుతాను: అంకెలు వేయండి, అక్షరాల్లో రాయకండి. "ముప్పై ఏడు" అని రాస్తే నాన్న కళ్లు చిట్లించేవాడు. 37 అని రాస్తే వెంటనే అందుకునేవాడు. ఎరువుల కొట్టు చీటీలో కూడిక తప్పుగా వేసి చేతికిచ్చాను. పైనుంచి కిందకు వేలు జరుపుకుంటూ వచ్చి, మొత్తం దగ్గర వేలితో రెండుసార్లు పొడిచాడు. ఇది ఆయన ఒక్కడి గొప్ప కాదు. రోజ్‌మేరీ వార్లీ అనే బ్రిటిష్ పరిశోధకురాలు, ఆమె బృందం 2005లో ఇలాంటి ముగ్గురి గురించి రాశారు. వాక్యంలో ఎవరు ఎవరిని కొట్టారో తేల్చుకోలేని స్థితి వాళ్లది. అంకెలిస్తే మాత్రం కూడికలు, తీసివేతలు, బ్రాకెట్ల లెక్కలు చేశారు. పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీయడానికీ, చిన్నదాంట్లోంచి పెద్దది తీయడానికీ తేడా వాళ్లకు తెలుసు. వ్యాకరణం పోయినా లెక్కలోని వరస పోలేదన్నమాట. అమెరికాలో ఎమ్‌ఐటీ అనే విశ్వవిద్యాలయంలో ఎవెలీనా ఫెడొరెంకో అనే పరిశోధకురాలు మెదడు స్కానింగ్‌తో చేసిన పనిలోనూ ఇదే కనిపిస్తుంది: మాటలు విన్నప్పుడు, చదివినప్పుడు పనిచేసే మెదడు భాగాలు, లెక్క చేసేటప్పుడు పెద్దగా కదలవు.

అవును, కాదు, ఇంకా చాలా

ఇప్పుడు అసలు కష్టం. ఆలోచన ఉందని తెలిసింది, అది మనదాకా రావడమెట్టా?

మొదట ఆయన అవును, కాదులను నమ్మొచ్చో లేదో చూసుకోండి. అవుననాలని తల అడ్డంగా ఊపడం అఫేసియాలో మామూలే. జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్నలు కలగలిపి అడగండి: "మనూరు కొండపి పక్కనేగా?", "అమ్మ పక్కింటికి పోయిందా?", "మనం చేపలు పడతామా?" తప్పులు వస్తే మాట మీద, తల ఊపడం మీద ఆధారపడొద్దు. అట్టముక్క మీద ఒకవైపు పెద్ద టిక్కు, ఇంకోవైపు ఇంటూ గుర్తు, మధ్యలో ప్రశ్నార్థకం వేసి ముందు పెట్టండి. ప్రశ్నార్థకం తప్పకుండా ఉండాలి. "అదీ కాదు, ఇదీ కాదు, నువ్వు అడిగేదే వేరే దారిలో ఉంది" అని చెప్పుకోవడానికి ఆయనకున్న ఒకే దారి అది.

టీవీ కట్టేయండి. ఎదురుగా కూర్చోండి. ఒక్కరే మాట్లాడండి. చిన్న వాక్యాలు చాలు, కానీ పసిపిల్లలతో మాట్లాడే గొంతు వద్దు. మాట్లాడుతూనే ముఖ్యమైన మాట ఒకటి లావుగా రాసి చూపించండి, బొమ్మ గీయండి, వేలు పెట్టి చూపించండి. అడిగాక ఆగండి. మీకు ఇబ్బంది అనిపించేంతసేపు ఆగండి. మా అమ్మకు ఇది అన్నిటికన్నా కష్టమైంది. ఆయన నోరు తెరిచేలోపే, "నీళ్లా? మాత్రా? పడుకుంటావా?" అని ఒకటే గుక్కలో నాలుగు అడిగేది. నాలుగిటికీ ఆయన సమాధానం "అదే".

ఆ డిసెంబరులో జరిగింది చెబితే పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. నాన్న రెండు రోజులుగా ఒకటే గొడవ. చెయ్యి ఊపుతాడు, "అదే అదే" అంటాడు, తిండి పక్కకు నెడతాడు. కడుపులో నొప్పేమోనని అమ్మ మాత్రలు తెచ్చింది. నేను కాగితం, స్కెచ్ పెన్ను ఇచ్చాను. ఒక పెట్టె గీశాడు. దాని అడుగున పొడుగ్గా ఒక గీత, గీత మీద ఒకచోట ఇంటూ. మంచమా? బీరువానా? కాదు. అప్పుడు ఏ వస్తువు అని అడగడం మానేసి, ఎక్కడ అని అడిగాను. ఫోన్లో మూడు ఫొటోలు చూపించాను: ఇల్లు, చేను, బ్యారన్ (పొగాకు ఆకు ఆరబెట్టే వేడి గది). బ్యారన్ మీద అరచేత్తో కొట్టాడు. తర్వాత మూడు మాటలు విడివిడిగా, పక్కన బొమ్మలతో రాశాను: కప్పు, పొయ్యి, గొట్టం. గొట్టం. ఇప్పుడు కాగితం మీద గీత అర్థమైంది. బయటి పొయ్యి వేడి లోపలికి ఇనుప గొట్టాల్లో నేల వెంబడి తిరుగుతుంది కదా, ఆ గొట్టం ఒకచోట తినేసింది. "గొట్టానికి చిల్లి పడింది, జనవరిలో పొయ్యి వెలిగించకముందే మార్చాలి, లేకపోతే బ్యారన్ అంటుకుంటది. ఇదేనా నాన్నా?" టిక్కు గుర్తు మీద వేలు పెట్టాడు, తీయలేదు. తమ్ముడు పోయి చూస్తే చిల్లి ఆయన ఇంటూ పెట్టిన మూలనే ఉంది.

పోయిన సంవత్సరం చూసింది గుర్తుంది, రాబోయే నెలలో ఏం జరుగుతుందో ఊహించాడు, దాని నష్టం లెక్కేశాడు, మమ్మల్ని పని చేయమంటున్నాడు. ఇంత ఆలోచన ఉన్న మనిషికి మేము అన్నం పెట్టి, మాత్ర వేసి, నిద్రపుచ్చబోయాం.

అక్కడ నేను చేసిన వరస గుర్తుపెట్టుకోండి. ముందు విషయం ఎక్కడిదో, ఎవరిదో, ఎప్పటిదో పెద్ద వలయం పట్టుకోవాలి. ఆ తర్వాత రెండు మూడు ఎంపికలు ఇవ్వాలి, అంతకన్నా ఎక్కువ వద్దు. ఆఖరున మీకు అర్థమైంది మొత్తం ఒక వాక్యంలో చెప్పి ఇదేనా అని అడగాలి. ఎవరి సంగతో తెలియడానికి ఇంట్లోవాళ్ల ఫొటోలు, ఎప్పుడో తెలియడానికి గోడ క్యాలెండరు, ఎంతో తెలియడానికి 0 నుంచి 10 దాకా గీసిన గీత సిద్ధంగా ఉంచుకోండి. నొప్పి ఎంతుందో చెప్పడానికి కూడా ఆ గీతే. మీకు అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపకండి. "ఇప్పుడు అందట్లేదు నాన్నా, నీకు తెలుసని నాకు తెలుసు, సాయంత్రం మళ్లా చూద్దాం" అనండి. టొరంటోలో ఆరా కేగన్ అనే స్పీచ్ థెరపిస్టు కుటుంబాలకు, వాలంటీర్లకు నేర్పే పద్ధతిలో ఈ "నీకు తెలుసని నాకు తెలుసు" అనేదే మొదటి మెట్టు.

అన్నీ బాగుంటాయని కాదు

అఫేసియా ఉన్న ప్రతివాళ్ల ఆలోచనా చెక్కుచెదరకుండా ఉంటుందని నేను చెప్పను. దెబ్బ పెద్దదైతే భాషతో పాటు శ్రద్ధ, ప్లాను వేసుకునే శక్తి కూడా తగ్గొచ్చు. పైగా మనం లోలోపల మాటలతో చేసుకునే పనులు కొన్నుంటాయి. ఫోన్ నంబరు విని, మనసులో అనుకుంటూ పోయి నొక్కుతాం చూడండి, అలాంటివి నాన్నకు కుదరవు. నాలుగు పనులు ఒకేసారి చెబితే రెండు జారిపోతాయి. ఇది మతిమరుపు కాదు, పట్టి ఉంచుకునే మాటల కొక్కెం లేకపోవడం. కాగితం మీద బొమ్మలు వరసగా గీసి పెడితే నాలుగూ చేస్తాడు. ఇంకొకటి: పక్షవాతం తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది. మనిషి సైగలు కూడా మానేసి, తిండి మీద మనసు లేకుండా ఉంటే అది అఫేసియా ముదిరిందనుకోకుండా డాక్టరుకు చెప్పండి, దానికి మందులున్నాయి.

పద్యాలు, పాటలు, తిట్లు, దేవుడి పేర్లు ఉన్నట్టుండి స్పష్టంగా వస్తాయి. నాన్న నాటక పద్యం రాగంతో సహా ఎత్తుకుంటే ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. మరుక్షణం నీళ్లు అడగమంటే మళ్లీ "అదే". అలవాటుగా నోటికి వచ్చేవి వేరే దారిలో నడుస్తాయి. నటిస్తున్నాడని అనుకోవద్దు, ఎవరైనా అంటే ఊరుకోవద్దు. ఆ రాగాన్ని వాడుకునే వైద్యం 1970ల నుంచీ ఉంది: "నీళ్లు కావాలి" లాంటి పనికొచ్చే మాటను రెండు స్వరాల్లో పాడుతూ, ఎడమ చేత్తో ఒక్కో అక్షరానికీ తాళం వేయిస్తారు. థెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోండి. మొదటి కొన్ని నెలల్లో మెరుగు వేగంగా ఉంటుంది కానీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి కూడా కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది.

ఇంట్లో రెండు భాషలుంటే ఏది ముందొస్తే అది మాట్లాడనివ్వండి. నెల్లూరు కోటమిట్టలో మాకు తెలిసిన ఒకాయనకు ఉర్దూ ముందు కదిలింది, తెలుగు తర్వాత. "రెండు భాషలైతే మెదడుకు బరువు, ఒకటి మానిపించండి" అని వాళ్లకెవరో చెప్పారట. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన వివరాలు దీనికి ఎదురు చెబుతున్నాయి. పక్షవాతం తర్వాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక భాషవాళ్లలో 19.6 శాతం. అఫేసియా రావడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. భాష, ఆలోచన వేర్వేరు లెక్కలని ఇక్కడ కూడా తెలుస్తుంది.

కాయితాలు, సంతకాలు

మాట లేదు కాబట్టి మతి లేదని రాసుకుని, వేలిముద్ర వేయించుకుని పోయేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మా కౌలు కాగితం దగ్గరా ఆ ప్రయత్నం జరిగింది. ఒప్పందం చేసే మనిషికి విషయం అర్థమవుతుందా, తన మంచిచెడ్డలు తాను తేల్చుకోగలడా అన్నదే కాంట్రాక్టు చట్టం చూసేది. నోరు తిరుగుతుందా అని కాదు. మాట్లాడలేని సాక్షి రాసిగానీ సైగలతోగానీ సాక్ష్యం చెప్పవచ్చని కోర్టులే ఒప్పుకుంటాయి. కాబట్టి సంతకానికి ముందు కాగితంలో ముఖ్యమైన నాలుగు సంగతులు (ఏ పొలం, ఎన్నాళ్లు, ఎంత, ఎవరికి) బొమ్మలతో, అంకెలతో ఆయన ముందు పెట్టండి. మధ్యలో కావాలని ఒకటి తప్పు చెప్పండి. ఆయన ఆ తప్పు పట్టుకుంటే అర్థమైనట్టే. ఇదంతా ఫోన్లో వీడియో తీసి ఉంచుకోండి. నాన్న కౌలు రేటు దగ్గర ఇంటూ గుర్తు మీద వేలు పెట్టి కూర్చున్నాడు. ఎకరానికి ఇంకా రెండు వేలు పెరిగాకే టిక్కు మీదకు జరిపాడు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మాట, భాషా వైకల్యం కింద అఫేసియా పేరు పెట్టి ఉంది. సదరం సర్టిఫికెట్‌కు (వైకల్యం ఎంతుందో ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం) స్లాట్ పెట్టుకునేటప్పుడు కాలు, చెయ్యి సంగతి ఒక్కటే చెప్పి రాకండి, మాట సంగతి కూడా రాయించండి.

ఆఖరుగా, చొక్కా జేబులో పెట్టే కార్డు ఒకటి. లామినేషన్ చేయించి, వెనకాల ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాయండి. బస్సులో కండక్టరు, బ్యాంకులో గుమస్తా, మందుల షాపతను చదివేలా లావు అక్షరాలుండాలి. నాన్న కార్డు మీద ఇలా ఉంది: "నాకు పక్షవాతం వల్ల మాట రాదు. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది. నెమ్మదిగా, ఒక్కొక్కటే అడగండి. అంకెలు రాసి చూపించండి. నా పక్కనున్నవాళ్లను కాదు, నన్నే అడగండి." ఆఖరి వాక్యం మొదట్లో లేదు. కార్డు చదివి కూడా కండక్టరు తమ్ముణ్ణే అడిగాడని, మళ్లీ చేయించినప్పుడు కలిపాం.